దీన్ని కదిలిస్తున్నది ఎవరు?

అందరికీ నమస్కారం.

విమానంలో రెక్క వెనక వరసలో కిటికీ పక్క సీటు దొరికితే నాకు ఇంకేమీ అక్కర్లేదు. బయల్దేరిన దగ్గర్నుంచి దిగేదాకా ఆ రెక్క వెనక అంచునే చూస్తూ కూర్చుంటాను. దిగేముందు ఫ్లాప్‌లు, అంటే రెక్క వెనక ఉండే పెద్ద పలకలు, మెల్లగా వెనక్కి జరిగి, ఆ తర్వాత కిందికి వంగుతాయి. రన్‌వే దగ్గర పడేకొద్దీ, విమానాన్ని పక్కకు ఒరిగించే ఐలెరాన్ చిన్నచిన్నగా పైకీ కిందికీ ఆడుతూ ఉంటుంది. చక్రాలు నేలను తాకగానే రెక్క పైనున్న స్పాయిలర్ పలకలన్నీ ఒక్కసారిగా లేచి నిలబడతాయి. ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు.

ఇంటికొచ్చి సిమ్యులేటర్‌లో అదే విమానం తెరిస్తే ఆ ఆనందం చాలాసార్లు దొరకదు. మోడల్ బాగుంటుంది. రంగులు, రివెట్లు, కిటికీ అద్దం మీద గీతలు అన్నీ ఉంటాయి. జాయ్‌స్టిక్ కదిపితే మాత్రం ఐలెరాన్ టక్కున ఎగిరి నిలబడుతుంది. వదిలితే టక్కున పడిపోతుంది. లైట్ స్విచ్ వేసి ఆర్పినట్టు ఉంటుంది. పది టన్నులదో వంద టన్నులదో విమానం ఒక్క క్షణంలో బొమ్మ అయిపోతుంది.

ఈ రోజు నేను మాట్లాడేది ఆ తేడా ఎక్కడ పుడుతుందో, దాన్ని ఎలా సరిచేయాలో అన్న దాని గురించి. మీలో చాలామంది బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో సొంతంగా విమానాలు చేస్తున్నవాళ్లే కాబట్టి ఐలెరాన్ అంటే ఏమిటి, తోక మీద నిలువుగా ఉండే రడ్డర్ అంటే ఏమిటి అని వివరంగా మొదలుపెట్టను.

ముందు ఒక సంగతి చెబుతాను. నేను మొదట చేసిన మోడల్ రెక్క పైన ఉండే చిన్న ఒంటి ఇంజన్ విమానం. నెలల తరబడి కూర్చుని చేశాను. చిన్న విమానాలు బాగుచేసే ఒక పెద్దాయనకు చూపించాను. ఆయన కాసేపు చూసి, ట్రిమ్ చక్రాన్ని, అంటే పైలట్ చెయ్యి తీసినా విమానాన్ని ఒక తీరులో నిలిపే చక్రాన్ని, ముక్కు పైకి వచ్చేలా తిప్పమన్నారు. తిప్పాను. తోక మీద అడ్డంగా ఉండి ముక్కును పైకీ కిందికీ తిప్పే ఎలివేటర్ చివర ఉండే చిన్న ట్యాబ్ పైకి లేచింది. ముక్కు పైకి కదా, ట్యాబ్ కూడా పైకే అనుకుని చేశాను.

ఆయన అడిగారు: "ఎలివేటర్‌ను కదిలిస్తున్నది ఎవరు?"

"పైలట్" అన్నాను.

"పైలట్ చెయ్యి తీసేశాడు. ఇప్పుడు?"

నా దగ్గర జవాబు లేదు. ఆయనే చెప్పారు. ట్రిమ్ చక్రం కదిలించేది ట్యాబ్‌ను మాత్రమే. ఎలివేటర్‌ను కదిలించేది గాలి. ట్యాబ్ కిందికి వంగితే గాలి దాన్ని పైకి నెడుతుంది, ఆ నెట్టుడుకి ఎలివేటర్ వెనక అంచు పైకి లేస్తుంది, తోక కిందికి దిగుతుంది, ముక్కు పైకి వస్తుంది. అంటే ముక్కు పైకి కావాలంటే ట్యాబ్ కిందికి వెళ్లాలి. నేను సరిగ్గా తలకిందులు చేశాను.

ఆ రోజు నుంచి ఏ సర్ఫేస్‌ను, అంటే కదిలే పలకను, యానిమేట్ చేసినా ముందు ఆ ప్రశ్నే వేసుకుంటాను. దీన్ని కదిలిస్తున్నది ఎవరు? పైలట్ చెయ్యా, కేబులా, ద్రవ ఒత్తిడితో తోసే హైడ్రాలిక్ జాక్కా, కంప్యూటరా, గాలా, లేక సొంత బరువా? జాయ్‌స్టిక్‌ను నేరుగా ఐలెరాన్‌కు కట్టేస్తే, ఈ మధ్యలో ఉన్నవన్నీ మాయమైపోతాయి. విమానానికి ప్రాణం ఉన్నది ఆ మధ్యలోనే అని నా నమ్మకం.

సరే, పైలట్ చెయ్యి తీగలతో సర్ఫేస్‌ను లాగే కేబుల్ విమానంతో మొదలుపెడదాం. సెస్నా 172 తీసుకోండి. దాని ఐలెరాన్ పైకి 20 డిగ్రీలు వెళ్తుంది, కిందికి 15 డిగ్రీలే. ఎలివేటర్ పైకి 28, కిందికి 23. రెండు వైపులా సమానం కాదు. ఐలెరాన్ విషయంలో దానికి కారణం ఉంది. కిందికి దిగిన ఐలెరాన్ ఆ రెక్కకు లిఫ్ట్‌తో (పైకి ఎత్తే బలం) పాటు డ్రాగ్ (వెనక్కి లాగే బలం) కూడా పెంచుతుంది. దాంతో విమానం ఎడమకు ఒరుగుతుంటే ముక్కు కుడికి లాగుతుంది. అది తగ్గాలని కిందికి తక్కువ, పైకి ఎక్కువ వెళ్లేలా కట్టారు. పాత టైగర్ మాత్‌లో ఈ తేడా ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. కిందికి దిగాల్సిన ఐలెరాన్ దాదాపు కదలనట్టే ఉంటుంది.

దీన్ని యానిమేట్ చేసేటప్పుడు చాలామంది పడే గుంట ఒకటుంది. మైక్రోసాఫ్ట్ సిమ్యులేటర్లలో ఇలాంటి కదలికను సాధారణంగా 0 నుంచి 100 దాకా శాతంగా చేస్తాం, మధ్యలో 50 అంటే తటస్థ స్థానం. మనం 0 దగ్గర ఒక కీఫ్రేమ్ (ఫలానా చోట పలక ఇలా ఉండాలని వేసే గుర్తు), 100 దగ్గర ఒక కీఫ్రేమ్ పెట్టి వదిలేస్తాం. ఒక చివర 20 డిగ్రీలు పైకి, ఇంకో చివర 15 కిందికి. అప్పుడు 50 దగ్గర ఏమవుతుంది? సాఫ్ట్‌వేర్ ఆ రెండింటికీ సరిగ్గా మధ్యలో నిలబెడుతుంది. అంటే స్టిక్ ముట్టుకోకపోయినా ఐలెరాన్ రెండున్నర డిగ్రీలు పైకి లేచి ఉంటుంది. రెండు రెక్కల మీదా అంతే. దూరం నుంచి చూస్తే ఎక్కడో ఏదో తేడాగా ఉందనిపిస్తుంది కానీ ఏమిటో తెలియదు. అందుకని 50 దగ్గర మూడో కీఫ్రేమ్ తప్పనిసరి.

దానితో పాటే ఇంకోటి. బ్లెండర్‌లో కీఫ్రేమ్ పెడితే, మీరు సెట్టింగ్ మార్చకపోతే, అది బెజియర్ వక్రంలో పెడుతుంది. బయల్దేరేటప్పుడు నెమ్మది, మధ్యలో వేగం, చివర మళ్లీ నెమ్మది. సినిమా యానిమేషన్‌కు అది అందం. మనకు మాత్రం ఇక్కడ ఫ్రేమ్ నంబర్ అంటే సమయం కాదు, సర్ఫేస్ ఉన్న స్థానం. ఆ వక్రం ఉంటే స్టిక్ ఎంత కదిలిందో సర్ఫేస్ ఆ లెక్కన కదలదు. అన్నీ లీనియర్ చేయండి. నిజం లింకేజీలో వంకర ఉంటే, కొలిచి, దానికి తగ్గ కీఫ్రేమ్‌లు మీరే పెట్టండి.

ఈ డిగ్రీలు ఎక్కడ దొరుకుతాయని చాలామంది అడుగుతారు. ఊహించనక్కర్లేదు. విమానానికి ఆమోదం ఇచ్చే సంస్థలు టైప్ సర్టిఫికెట్ డేటా షీట్ అని ఒక పత్రం బయటపెడతాయి. సెస్నా 172 కు అమెరికా విమానయాన సంస్థ ఎఫ్ఏఏ ఇచ్చిన దాని నంబర్ 3ఏ12. చిన్న విమానాలకైతే అందులో ప్రతి సర్ఫేస్ ఎన్ని డిగ్రీలు పైకి, ఎన్ని కిందికి అన్నది చాలావరకు రాసి ఉంటుంది. ఏ మోడల్‌కు ఎంతో కూడా ఉంటుంది. 172ఎన్‌లో ఫ్లాప్‌లు 40 డిగ్రీల దాకా దిగుతాయి, తర్వాత వచ్చిన 172పీ నుంచి 30 దాకానే. బయటి నుంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. కానీ తెలిసినవాళ్లు దిగేటప్పుడు ఫ్లాప్ చూసి ఏ మోడలో చెప్పేస్తారు.

ఇప్పుడు కీలు. తలుపు కీలు లాంటిదే ఇదీ. రెక్క వెనక్కి వాలి ఉంటే ఐలెరాన్ కీలు గీత కూడా వాలి ఉంటుంది. రెక్క కొస పైకి ఎత్తి ఉంటే ఆ గీత కూడా ఎత్తు మీద ఉంటుంది. కాబట్టి విమానం అడ్డగీత చుట్టూ తిప్పితే కుదరదు. ఆబ్జెక్ట్ సొంత ఇరుసు కీలు గీత వెంబడి పడుకునేలా తిప్పిపెట్టాలి. ఫ్లైట్‌గేర్ వాడేవాళ్లకు ఇది సులువు. కీలు గీత మీద రెండు బిందువులు కొలిచి ఎక్స్ఎంఎల్ ఫైల్‌లో రాస్తే ఇరుసు అదే తెలుసుకుంటుంది. నేను మిగతా సిమ్యులేటర్లకు చేసేటప్పుడు కూడా ముందు ఆ రెండు బిందువులూ గుర్తుపెట్టుకుంటాను. ఆ అలవాటు చాలా మేలు చేసింది.

కీలు గీత పైనుందా, కిందుందా, ముందంచు మీదే ఉందా, కాస్త వెనకుందా అన్నది కూడా చూడాలి. ఫ్రైజ్ ఐలెరాన్ అని ఒక రకం ఉంది. బ్రిస్టల్ కంపెనీ ఇంజనీర్ లెస్లీ ఫ్రైజ్ పేరు మీద వచ్చింది. దాని కీలు ఐలెరాన్ ముందంచుకు వెనగ్గా ఉంటుంది. ఐలెరాన్ పైకి లేచినప్పుడు దాని ముక్కు రెక్క కింద నుంచి బయటికి పొడుచుకొస్తుంది. ఆ ముక్కు గాలిని అడ్డుకుని, పైకి లేచిన వైపు కూడా డ్రాగ్ కలుగజేస్తుంది. మీ మోడల్‌లో కీలును ముందంచు మీద పెట్టేస్తే ఆ ముక్కు ఎప్పటికీ కనిపించదు. రెక్క కింద నుంచి ఫోటో తీసేవాళ్లకు ఇది వెంటనే తెలిసిపోతుంది.

స్టాబిలేటర్ ఉన్న విమానాల్లో ఇంకో తిరకాసు. పైపర్ చెరొకీలో ఎలివేటర్ విడిగా ఉండదు, తోక పలక మొత్తం కదులుతుంది. దాని వెనక ట్యాబ్ ఉంటుంది. ఆ ట్యాబ్ స్టాబిలేటర్ ఎటు వెళ్తే అటే, దానికంటే ఎక్కువగా వెళ్తుంది. ఇంతకుముందు చెప్పిన ట్రిమ్ ట్యాబ్‌కు ఇది వ్యతిరేకం. ఎందుకంటే పలక మొత్తం కదిలే ఏర్పాటులో స్టిక్ మరీ తేలికైపోతుంది. పైలట్ చేతికి బరువు తెలియడానికి గాలి ఎదురు నెట్టాలి. ఆ పని ఈ ట్యాబ్ చేస్తుంది. ఎవరు ఎవరిని నెడుతున్నారో తెలిస్తే ఏది ఎటు కదలాలో బట్టీ పట్టనక్కర్లేదు.

ఇక పెద్ద విమానాల్లో ట్రిమ్ అంటే ట్యాబ్ కాదు, తోకలోని అడ్డ రెక్క, అంటే హారిజాంటల్ స్టాబిలైజరే, మొత్తంగా వంగుతుంది. ముందంచును ఒక జాక్‌స్క్రూ పైకీ కిందికీ నడుపుతుంది, వెనక భాగం కీలు మీద ఉంటుంది. ముక్కు పైకి ట్రిమ్ అంటే స్టాబిలైజర్ ముందంచు కిందికి దిగాలి. ఇదీ చాలామంది తలకిందులు చేస్తారు. విమానం తోక పక్క నిలబడి చూస్తే, ఆ ముందంచు జరిగే మేర బాడీ మీద గీతలు, అంకెలు కూడా కనిపిస్తాయి. మీ టెక్స్చర్‌లో అవి ఉంటే యానిమేషన్ వాటికి సరిపోవాలి.

ఫ్లాప్‌ల దగ్గర కాస్త ఎక్కువ సేపు ఆగుతాను. నాకు అన్నింటికంటే ఇష్టమైన భాగం ఇదే.

తేలికైన రకం స్ప్లిట్ ఫ్లాప్. స్పిట్‌ఫైర్, డీసీ-3 లలో ఉంటుంది. రెక్క కింది చర్మం మాత్రమే విడిపోయి కిందికి తెరుచుకుంటుంది, పై చర్మం కదలదు. స్పిట్‌ఫైర్‌లో అది సంపీడన గాలితో నడుస్తుంది, రెండే స్థానాలు: పూర్తిగా మూసి ఉండటం, లేదా పూర్తిగా తెరుచుకోవడం. తెరిస్తే దాదాపు 85 డిగ్రీలు. మధ్యలో ఆపే ఏర్పాటు లేదు. కాబట్టి సిమ్యులేటర్‌లో స్పిట్‌ఫైర్ ఫ్లాప్ పావు వంతు దిగి నిలబడి కనిపిస్తే అది స్పిట్‌ఫైర్ కాదు.

ఆ తర్వాత ఫౌలర్ ఫ్లాప్. హార్లన్ ఫౌలర్ అనే అమెరికన్ ఇంజనీర్ 1924లో దీన్ని రూపొందించాడు. మొదట వెనక్కి జరుగుతుంది, రెక్క వైశాల్యం పెరుగుతుంది. తర్వాత కిందికి వంగుతుంది. ఈ వరస ముఖ్యం. టేకాఫ్‌కు లిఫ్ట్ కావాలి, డ్రాగ్ వద్దు, అందుకే మొదటి మెట్లలో జరగడం ఎక్కువ, వంగడం తక్కువ. దిగేటప్పుడు డ్రాగ్ కూడా కావాలి, అందుకే చివరి మెట్లలో వంగడం ఎక్కువ. 737లో లివర్ మెట్లు 1, 2, 5, 10, 15, 25, 30, 40. మీరు మొదట ఒక కీఫ్రేమ్, చివర ఒకటి పెడితే ఫ్లాప్ సూటిగా ఒక వాలు గీత మీద జారుతుంది. ఫ్లాప్ 5 దగ్గర అది నిజం విమానంలో ఉన్న చోట ఉండదు. ఇంకా ఘోరం, సగం దారిలో రెక్క చర్మాన్ని కోసుకుంటూ పోతుంది. కాబట్టి ప్రతి మెట్టు దగ్గరా ఒక కీఫ్రేమ్ ఉండాలి. ఫ్లాప్ జారే పట్టాల వంపు ఎక్కువగా ఉన్నచోట మెట్టుకూ మెట్టుకూ మధ్య ఇంకోటి వేయండి.

కొన్ని విమానాల్లో పట్టాలే ఉండవు. డీసీ-9, ఎండీ-80 లలో ఫ్లాప్ కీలు రెక్క కిందికి వేలాడే బ్రాకెట్ల చివర ఉంటుంది. రెక్కకు బాగా దిగువన ఉన్న బిందువు చుట్టూ తిరగడం వల్ల, ఒక్క తిప్పుతోనే ఫ్లాప్ వెనక్కీ కిందికీ వస్తుంది. ఇక్కడ యానిమేషన్ చాలా సులువు. పివట్‌ను, అంటే తిరిగే కేంద్రాన్ని, ఆ బ్రాకెట్ చివరకు జరపండి, తిప్పండి, అంతే. ఇది తెలియక పట్టాల పద్ధతిలో పదిహేను కీఫ్రేమ్‌లు పెట్టినవాళ్లను చూశాను. పనితనం బాగుంది, శ్రమ వృథా.

727, పాత 747 లలో ఫ్లాప్ మూడు ముక్కలు. ముక్కకూ ముక్కకూ మధ్య గాలి దూరే సందు తెరుచుకుంటుంది. వీటిని ఒకదానికి ఒకటి పిల్లలుగా కట్టండి. ముందు ముక్క రెక్కకు, మధ్య ముక్క ముందు ముక్కకు, వెనక ముక్క మధ్య ముక్కకు. విడివిడిగా చేస్తే ఆ సందులు ఎప్పటికీ సరిగా రావు. ఫ్లాప్ పట్టాలను కప్పే పడవ ఆకారపు తొడుగుల వెనక సగం కూడా ఫ్లాప్‌తో పాటు వంగుతుందని మర్చిపోకండి.

ఇప్పుడు సమయం. స్విచ్ వేసినట్టు ఎగిరే ఐలెరాన్‌కు మందు ఇక్కడుంది.

సర్ఫేస్‌ను నడిపే జాక్కుకు ఒక గరిష్ఠ వేగం ఉంటుంది. ఎఫ్-16 మీద నాసా 1979లో ప్రచురించిన సిమ్యులేషన్ మోడల్ ఇప్పటికీ విద్యార్థులు వాడుతుంటారు. అందులో స్టాబిలేటర్ 25 డిగ్రీలు అటు, 25 డిగ్రీలు ఇటు, వేగం సెకనుకు 60 డిగ్రీలు. ఐలెరాన్‌ది 80, రడ్డర్‌ది 120. లెక్క వేయండి. ఒక చివర నుంచి ఇంకో చివరకు 50 డిగ్రీలు పోవడానికి ఆ ఫైటర్ తోకకు కూడా 0.8 సెకను పైనే పడుతుంది. మన చెయ్యి జాయ్‌స్టిక్‌ను అంతకంటే చాలా త్వరగా ఆ చివర నుంచి ఈ చివరకు తోసేయగలదు. చెయ్యి ముందు చేరుతుంది, సర్ఫేస్ తన వేగంతో తాను వెంబడిస్తుంది. చూసేవాళ్లకు బరువు అనిపించేది ఆ కాస్త ఆలస్యమే.

ఈ ఆలస్యాన్ని రెండు రకాలుగా రాయొచ్చు. ఒకటి, స్థిరమైన వేగంతో కదిలి గమ్యం చేరగానే ఆగడం. ఎలక్ట్రిక్ మోటారుతో నడిచే ఫ్లాప్‌లకు, ట్రిమ్‌కు అది సరిగ్గా సరిపోతుంది. రెండోది, మిగిలిన దూరంలో కొంత వంతు చొప్పున కదులుతూ చివర మెత్తగా ఆగడం. హైడ్రాలిక్ జాక్కుకు చిన్న కదలికల్లో ఇది దగ్గరగా ఉంటుంది. నేను రెండూ కలిపి వాడతాను: మెత్తగా ఆగాలి, గరిష్ఠ వేగం దాటకూడదు.

ఇక్కడో జాగ్రత్త. రెండో పద్ధతిని చాలామంది "ప్రతి ఫ్రేమ్‌కూ మిగిలిన దూరంలో పది శాతం" అని రాస్తారు. అప్పుడు సగం దూరం పోవడానికి ఆరేడు ఫ్రేమ్‌లు పడతాయి. సెకనుకు 30 ఫ్రేమ్‌లు వచ్చే కంప్యూటర్‌లో అది 0.22 సెకను. 60 వచ్చే కంప్యూటర్‌లో 0.11. అంటే ఖరీదైన కంప్యూటర్ కొన్నవాడి విమానానికి జాక్కు రెట్టింపు వేగంగా పనిచేస్తుంది! గడిచిన ఫ్రేమ్‌ల మీద కాకుండా, గడిచిన సమయం మీద ఆధారపడేలా సూత్రం రాయండి. ఎక్స్‌పొనెన్షియల్ ఫంక్షన్ ఒక్కసారి వాడితే ఈ తేడా పోతుంది.

సిమ్యులేటర్ మనకు రెండు రకాల విలువలు ఇస్తుందని కూడా గుర్తుంచుకోండి. ఒకటి, స్టిక్ ఎక్కడుంది. రెండోది, సర్ఫేస్ ఎక్కడుంది. కాక్‌పిట్‌లో యోక్‌కు (పైలట్ పట్టుకునే చక్రం) మొదటిది, రెక్క మీద ఐలెరాన్‌కు రెండోది. ఎక్స్-ప్లేన్ సర్ఫేస్ కోణాన్ని నేరుగా డిగ్రీల్లో ఇస్తుంది. డీసీఎస్ అనే సిమ్యులేటర్‌లో మైనస్ ఒకటి నుంచి ప్లస్ ఒకటి దాకా ఉండే ఆర్గ్యుమెంట్లు, కుడి ఐలెరాన్‌ది 11, ఎడమది 12. పేర్లు ఏవైనా, ఆ రెండింటినీ కలిపేయకండి.

ఇప్పుడు గాలి. కేబుల్ విమానంలో సర్ఫేస్‌ను కదిలించడానికి కావలసిన బలం వేగం వర్గంతో పెరుగుతుంది. 50 నాట్ల దగ్గర ఒక వంతు బలం పడితే, 100 నాట్ల దగ్గర అదే కోణానికి నాలుగు వంతులు పడుతుంది. రెండో ప్రపంచ యుద్ధపు ఫైటర్ నిట్టనిలువుగా డైవ్ చేస్తుంటే పైలట్ రెండు చేతులతో లాగినా ఐలెరాన్ కొన్ని డిగ్రీలే కదిలేది. మన ప్లాస్టిక్ జాయ్‌స్టిక్‌కు ఆ గాలి తగలదు, పూర్తిగా చివరకు వెళ్లిపోతుంది. అప్పుడు ఐలెరాన్‌ను కూడా చివరకు తిప్పి చూపిస్తే తప్పే. వేగం పెరిగేకొద్దీ సర్ఫేస్ వెళ్లే మేర తగ్గాలి. వీలైతే కాక్‌పిట్‌లోని స్టిక్ కూడా ఆ మేరకే కదలాలి, ఎందుకంటే నిజం విమానంలో రెండూ ఒకే కేబుల్‌కు కట్టి ఉన్నాయి.

విమానం నేల మీద ఆగి ఉన్నప్పుడు చూడండి. సెస్నా ఎలివేటర్ సొంత బరువుకు కిందికి వాలిపోతుంది, లోపల యోక్ ముందుకు పోయి ఉంటుంది. సిమ్యులేటర్‌లో చాలా సెస్నాలు ఎలివేటర్‌ను బల్లపరుపుగా పెట్టుకుని నిలబడతాయి, ఎవరో దాన్ని చేత్తో పట్టుకున్నట్టు. ప్రొపెల్లర్ గాలి తగిలి, వేగం పెరిగేకొద్దీ అది మెల్లగా తేలాలి.

దీనికంటే అందమైన ఉదాహరణ ఎండీ-80. అందులో పైలట్ కాలమ్ లాగితే ఎలివేటర్ నేరుగా కదలదు. కాలమ్ చిన్న కంట్రోల్ ట్యాబ్‌లను కదిలిస్తుంది, గాలి ఆ ట్యాబ్‌లను నెట్టి ఎలివేటర్లను కదిలిస్తుంది. నేల మీద గాలి లేదు కాబట్టి ఎలివేటర్లు ఎటు పడితే అటు ఉంటాయి. కుడిదీ ఎడమదీ ఒకదానికొకటి కట్టి లేవు. అందుకే పార్కింగ్‌లో ఒకటి పైకి, ఇంకోటి కిందికి ఉన్న ఎండీ-80 ఫోటోలు కనిపిస్తాయి. కొత్తవాళ్లు చూసి విమానం పాడైందనుకుంటారు. మీరు ఆ కుటుంబం విమానం చేస్తుంటే, ప్రతిసారీ ఎలివేటర్లను కొంచెం వేర్వేరుగా నిలబెట్టండి. రన్‌వే మీద వేగం అందుకునేకొద్దీ రెండూ ఒక వరసకు రావాలి. చూసే కన్ను ఉన్నవాళ్లు ఆ ఒక్క దృశ్యానికి మీ పనిని ప్రేమిస్తారు.

హైడ్రాలిక్ విమానాలదీ ఇలాంటి కథే. ఇంజన్లు ఆపాక ఒత్తిడి మెల్లగా దిగిపోతుంది, పట్టుకునే బలం లేక కొన్ని సర్ఫేస్‌లు నిదానంగా వాలుతాయి. కాంకార్డ్ ఎలెవాన్లు (ఎలివేటర్, ఐలెరాన్ రెండు పనులూ చేసే పలకలు), విమానం నిలిపి ఉంచిన ఫోటోల్లో అలా కిందికి వేలాడుతూ కనిపిస్తాయి. మళ్లీ పంపు ఆన్ చేయగానే అవి పైకి లేచి వరసలో నిలబడతాయి. ఆ లేవడం యానిమేట్ చేశాక నేను దాన్ని పదిసార్లు చూసి ఉంటాను.

ఇక కంప్యూటర్ మధ్యలో ఉన్న విమానాలు. ఎయిర్‌బస్ ఏ320 మొదటిసారి 1987లో ఎగిరింది. గాలిలో ఉన్నప్పుడు దాని సైడ్‌స్టిక్ ఐలెరాన్ కోణాన్ని అడగదు, ఎంత వేగంగా ఒరగాలో అడుగుతుంది. సర్ఫేస్ ఎంత కదలాలన్నది కంప్యూటర్ నిర్ణయం. స్టిక్ వదిలేస్తే ఆ ఒరుగుడు అలాగే నిలుస్తుంది. గాలి కుదిపితే, పైలట్ ఏమీ చేయకపోయినా ఐలెరాన్లు కదులుతూనే ఉంటాయి. ఫ్లాప్‌లు దించినప్పుడు రెండు ఐలెరాన్లూ కాస్త కిందికి వాలి తామూ ఫ్లాప్‌ల్లా పనిచేస్తాయి. ఎఫ్-16 ఇంకా విచిత్రం. దాని స్టిక్ పైలట్ బలాన్ని కొలుస్తుందే తప్ప దాదాపు కదలదు. చెయ్యి నిలకడగా ఉంటుంది, వెనక తోక ఆగకుండా సర్దుకుంటూ ఉంటుంది. ఇలాంటి విమానంలో జాయ్‌స్టిక్‌ను సర్ఫేస్‌కు కట్టడమంటే ఆ విమానం ఏమిటో అర్థం కాలేదని ఒప్పుకోవడమే.

747లో రెక్కకు రెండు ఐలెరాన్లు, లోపలొకటి, కొస దగ్గరొకటి. ఫ్లాప్‌లు లోపలికి పోయి వేగం అందుకున్నాక కొస ఐలెరాన్ తాళం పడి కదలదు. దాని వెనక బీ-47 బాంబర్ నేర్పిన పాఠం ఉంది. సన్నటి పొడవాటి రెక్క, అధిక వేగంలో కొస ఐలెరాన్ కదిపితే రెక్కే మెలితిరిగి విమానం వ్యతిరేక దిశలో ఒరగబోయేది. మీ 747 క్రూజ్‌లో కొస ఐలెరాన్ ఊపుతుంటే ఆ చరిత్ర అంతా చెరిగిపోయినట్టే. 737లో వీల్ కొంచెం తిప్పితే ఐలెరాన్లు మాత్రమే. సుమారు 10 డిగ్రీలు దాటితే దిగే వైపు రెక్క మీద స్పాయిలర్లు కూడా లేస్తాయి. ఆ మొదటి 10 డిగ్రీల ఖాళీని వదిలేయకండి.

రెక్క వంగే మోడల్ చేస్తుంటే ఐలెరాన్, ఫ్లాప్ బోన్లను (మోడల్‌ను కదిలించే ఎముకల్లాంటివి) రెక్క బోన్లకే కట్టండి. లేదంటే రెక్క పైకి వంగుతుంది, ఐలెరాన్ గాలిలో ఒంటరిగా మిగిలిపోతుంది. టెక్స్చర్‌లో ముందే వేసిన నీడలు కీలు సందు దగ్గర ఉంటే తగ్గించండి. సర్ఫేస్ కదిలాక ఆ నీడ అక్కడే మచ్చలా ఉండిపోతుంది.

పని అయ్యాక పరీక్ష ఎలా? పైలట్లు టేకాఫ్ ముందు చేసే కంట్రోల్ చెకే చేయండి. యోక్ మీద రెండు బొటనవేళ్లూ పైకి చూసేలా పట్టుకుని తిప్పితే, అవి ఏ వైపు వాలాయో ఆ వైపు ఐలెరాన్ పైకి ఉండాలి. వెనక్కి లాగితే ఎలివేటర్ వెనక అంచు పైకి. కుడి పెడల్ తొక్కితే రడ్డర్ వెనక అంచు కుడికి. ఆ తర్వాత వేగాల కోసం, కిటికీ సీటు నుంచి తీసిన వీడియో ఒకటి పెట్టుకుని ఫ్రేమ్ ఫ్రేమ్ లెక్కపెట్టండి. సెకనుకు 30 ఫ్రేమ్‌ల వీడియోలో స్పాయిలర్ లేవడానికి ఎన్ని ఫ్రేమ్‌లు పట్టాయో లెక్కపెడితే మీకు కావలసిన సంఖ్య దొరికినట్టే.

ఎవరో చెయ్యెత్తారు, అడగండి. జాయ్‌స్టిక్ పాతదైతే ఐలెరాన్ వణుకుతోంది, ఏం చేయాలి అంటున్నారు. లోపల స్టిక్ స్థానాన్ని కొలిచే పొటెన్షియోమీటర్ అరిగి సంకేతం ఊగుతోంది. డెడ్‌జోన్, అంటే మధ్యలో కదలికను పట్టించుకోని మేర, పెంచితే నిలకడగా ఉన్నప్పుడు వణుకు ఆగుతుంది, కానీ తిప్పి పట్టుకున్నప్పుడు ఉండనే ఉంటుంది. ఇందాక చెప్పిన జాక్కు ఆలస్యం పెట్టండి, చాలావరకు అదే మింగేస్తుంది. నిజం జాక్కుకు కూడా అంత త్వరగా వణికే శక్తి లేదు కదా.

ఇంకో ప్రశ్న, వెనక నుంచి. కీలే లేని విమానం ఎలా చేయాలి, రైట్ సోదరుల 1903 ఫ్లయర్ చేస్తున్నాను అంటున్నారు. చాలా సంతోషం. అందులో ఐలెరాన్లు లేవు, రెక్కే మెలితిరుగుతుంది. పైలట్ బోర్లా పడుకుని నడుముతో ఒక తొట్టిని పక్కకు జరిపితే, తీగలు రెక్కల కొసల వెనక మూలలను లాగుతాయి. ఇక్కడ తిప్పడానికి ఆబ్జెక్ట్ లేదు, ఒక ఆకారాన్ని ఇంకో ఆకారంగా మార్చే 'షేప్ కీ' పద్ధతి వాడాలి. ముందంచును కదలనివ్వకండి, అది గట్టిగా బిగించి ఉంటుంది. వెనక అంచు కొసలకు పోయేకొద్దీ ఎక్కువ వంగాలి. ఒక వైపు కిందికి వస్తే రెండో వైపు పైకి. వెనక రడ్డర్ కూడా అదే తొట్టికి కట్టి ఉంది కాబట్టి దానికి విడిగా పెడల్ ఇవ్వకండి, అదే విలువతో నడపండి. రెక్క మెలితిరిగినప్పుడు దాన్ని లాగే తీగ రెక్కతో పాటు కదలకపోతే అది గాలిలో తేలుతూ కనిపిస్తుంది, ఆ తీగల చివరలను కూడా అదే షేప్ కీలో కలపండి.

మోడల్స్ తెచ్చినవాళ్లు లాప్‌టాప్‌లు తెరవండి. ఒక్కొక్కటీ చూద్దాం, ముందు ట్రిమ్ ట్యాబ్‌లతో మొదలుపెడదాం.